రిపోర్టు లేదంటంది.. భయం ఉందంటంది!

రేపల్లె నుంచి తెనాలి పోయే బండిలో మొన్నామధ్య ఒక కుర్రోడు కలిశాడు. సభల్లో పరిచయం. పేరు చెప్పను, అతన్ని అడిగే రాస్తన్నా. జేబులోంచి మూడు కాగితాలు తీశాడు. రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి, తెనాలిలో ఒకటి. మూడూ హెచ్ఐవీ పరీక్షలే, మూడూ నెగెటివే. తెలిసినోళ్లు చూస్తారని ప్రతిసారీ ఊరు మార్చాడు. ఆఖరిది, పొరపాటు జరిగిన ఐదు నెలలకి చేయించింది.

"అయినా మెడకాడ గడ్డలు తగల్తన్నయ్ అన్నా. బరువు తగ్గా. నిద్ర పట్టట్లా" అన్నాడు. నాలుగోసారి చేయించుకోడానికే పోతన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లెక్క ఇదీ. వైరస్ ఒంట్లోకి వచ్చిన మర్నాడే పరీక్షలో దొరకదు, కొన్ని వారాలు పట్టిద్ది. అందుకే మూడు నెలలు నిండాక చేయించమంటారు. ఈలోగా కొత్త ప్రమాదం లేకపోతే, డాక్టరు వేరేగా చెప్తే తప్ప, అప్పుడొచ్చిన నెగెటివ్ ఖాయం. పదోసారి చేయించినా అదే చెప్పిద్ది. లక్షణాలు చూసి హెచ్ఐవీ ఉందో లేదో ఎవరూ తేల్చలేరు. తిండీ నిద్రా మానేస్తే బరువు తగ్గదా? గడ్డని రోజుకి యాభైసార్లు నొక్కితే నొప్పి పుట్టదా?

అట్టాగని బాధ ఉత్తదే అనట్లా. టీబీ కావచ్చు, షుగర్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. హెచ్ఐవీనే పట్టుకు వేలాడితే అసలు జబ్బు ముదిరిద్ది. అవేవీ లేకపోతే, ఆ దిగులే జబ్బు. దానికీ వైద్యం ఉంది.

మరి కాగితాన్ని ఎందుకు నమ్మలేకపోతన్నాం? 2000ల మొదట్లో పులిరాజాకి ఎయిడ్స్ వస్తదా అని ఊరూరా బోర్డులు పెట్టి అడిగారు. ప్రశ్న గడపగడపకీ చేరింది. పరీక్షలో లేదంటే నిమ్మళంగా ఉండు అనే మాట మాత్రం కౌన్సెలింగ్ గది దాటి రాలా. పైగా జబ్బున్నోళ్లకి గ్లాసు వేరు, కంచం వేరు పెట్టింది మనమే. ఆ చూపు చిన్నప్పట్నించీ చూసినోడికి రోగం కంటే ఊరంటేనే భయం. నిజానికి 2004 నుంచీ సర్కారు ఏఆర్టీ మందులు ఉచితంగా ఇస్తంది. సక్రమంగా వాడేటోళ్లు పనులు చేసుకుంటా, పిల్లల్ని పెంచుకుంటా బతుకుతున్నారు.

సర్కారు ఆసుపత్రుల్లోని ఐసీటీసీల్లో పరీక్ష ఉచితం, మాట్లాడటానికి కౌన్సెలర్ ఉంటారు. వివరాలు బయట పెట్టకూడదని 2017 చట్టం చెప్తంది. హెచ్ఐవీ సందేహాలకి 1097, మనసు బాగోకపోతే 14416. రెండూ ఉచితమే.

తెనాలిలో దిగేటప్పుడు ఒకటే చెప్పా: "ల్యాబుకి పోబాక. ఈ మూడు కాగితాలూ తీసుకుని కౌన్సెలర్ దగ్గరికి పో. గడ్డల సంగతే కాదు, నిద్ర సంగతీ చెప్పు." నేనూ కూడా పోయా. గంటసేపు మాట్లాడి బయటికొచ్చి, టీ తాగుదాం అన్నాడు.

మీ స్నేహితుడు ఇట్టాంటి కాగితం చూపిస్తే నవ్వబాకండి. తోడెళ్లండి.