టెస్ట్ రిపోర్ట్ చదవడం కూడా కొలువే

ఇటు కృష్ణపట్నం రేవు, అటు తడ పక్కనే శ్రీసిటీ. నెల్లూరులో ఈసీఈ, ఈఈఈ చదివిన పిల్లలకు ఎలక్ట్రానిక్స్ ఎగుమతి అనేది దూరపు మాట కాదు. అయితే పవర్ బ్యాంక్ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని దేశం దాటించడం మరో ఎత్తు.

బీఐఎస్ రిజిస్ట్రేషన్ మన మార్కెట్ వరకే. యూరప్‌కు సీఈ గుర్తు కావాలి, దాని సాంకేతిక ఫైలును పదేళ్లు భద్రంగా ఉంచాలి. జపాన్ 2019 ఫిబ్రవరి నుంచి పీఎస్‌ఈ గుర్తు తప్పనిసరి చేసింది. వీటన్నిటికీ ముందు యూఎన్ 38.3 ఉంది. ఎత్తు, వేడి, కుదుపు, షార్ట్ సర్క్యూట్ లాంటి పరీక్షలు నెగ్గని లిథియం బ్యాటరీని ఓడలోనూ, విమానంలోనూ పంపకూడదు. విడి పవర్ బ్యాంకులను విమానంలో పంపాలంటే ఛార్జింగ్ 30 శాతం మించకూడదు, అదీ సరుకు విమానంలోనే.

అసలు చిక్కు ఎక్కడంటే, శాంపిల్‌లో మంచి సెల్ పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని, సరుకులో చౌక సెల్ వేయడం. పరీక్షించిన డిజైన్‌కే సర్టిఫికెట్ వర్తిస్తుంది. సెల్ మారిస్తే మళ్లీ పరీక్షకు వెళ్లాల్సిందే. దాచిపెడితే మంట లేచేది ఎవరి జేబులోనో, ఎవరి పక్క మీదో!

ఈ తేడా పట్టగలిగేవాళ్లే కంప్లయన్స్ ఇంజినీర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు. అందుకే ఇంకో కోడింగ్ కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక్క టెస్ట్ రిపోర్ట్ ముందేసుకోండి. మోడల్ నంబర్, సెల్ తయారీదారు పేరు, ల్యాబ్ గుర్తింపు సరిపోయాయో లేదో చూడండి. కాలేజీలు కూడా దీన్ని ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఇవ్వాలి. సంతకం పెట్టేముందు ‘ఈ సెల్ అదేనా?’ అని అడిగే ధైర్యం మాత్రం మీరే తెచ్చుకోవాలి.