ఏటిగట్టుకు ఇవతల ఒక్క కాపీయేనా?

ఆలమూరు మండలంలో ధాన్యం కమీషను, కొబ్బరి, ఎరువుల వ్యాపారం చేసుకుంటున్న అయ్యలారా, అమ్మలారా! మీ లెక్కలన్నీ కొట్లో కంప్యూటర్లోనే ఉన్నాయా? కాపీ తీసిన పెన్‌డ్రైవ్ కూడా అదే బల్ల సొరుగులో ఉందా? అయితే ఇవాళే చూసుకోండి. గౌతమి పక్కన బతుకుతున్నవాళ్లం. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్లకింకా గుర్తే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చింది. చిట్టా ఆవర్జాలు తడిస్తే ఎండలో ఆరేసి అంకెలు కూడబలుక్కోవచ్చు. హార్డ్‌డిస్కు తడిస్తే మాత్రం ప్లగ్గు పెట్టకండి, మిగిలింది కూడా పోతుంది.

వరద రాకపోయినా లెక్కలు పోతాయి. డిస్కు టిక్కుటిక్కుమంటోందా? చివరి బ్యాకప్ తేదీ ఎన్నో నెలల కిందటిదా? పాస్‌వర్డు గుమస్తాకొక్కడికే తెలుసా? టాలీ కొత్త వెర్షన్ వేశాక పాత ఏడాది డేటా ఒక్కసారైనా తెరిచి చూశారా? ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచే డిస్కు మీద ధీమా పెట్టుకోకండి, వైరస్ దానికీ తాళం వేసేస్తుంది. థర్మల్ కాగితం బిల్లులు ఎటూ తెల్లబడిపోతాయి.

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. 2023-24 లెక్కలంటే 2030 డిసెంబర్ 31 దాకా. అప్పీలు నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది వరకూ ఉంచాల్సి రావచ్చు. ప్రమాదంలో పోయినా తిరిగి రాబట్టగలిగేలా బ్యాకప్ ఉండాలని 57వ నిబంధన ఉంది. పోర్టల్లో ఉన్నాయిగా అంటారేమో! పాత రిటర్నులు అక్కడ ఏడేళ్లే కనబడతాయని, కావలసినవి దించుకోమని 2024 సెప్టెంబరులో జీఎస్టీ నెట్‌వర్కే చెప్పింది. స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే దాచినట్టు కాదు. ఫైలు పుట్టిన రూపంలో, తేదీ సమయాలతో సహా ఉండాలి.

దయచేసి ఒక కాపీని రాజమండ్రిలోనో కాకినాడలోనో మీ వాళ్లింట్లో ఉంచండి. ఇంకొకటి క్లౌడ్‌లో పెట్టండి. పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. పెట్టేసి ఊరుకోకుండా ఏటా మార్చి లెక్కలు ముగించాక, ఆ కాపీలోంచి అయిదేళ్ల కిందటి బిల్లొకటి వేరే కంప్యూటర్లో తెరిపించండి. తెరుచుకోలేదా? పాతసామాన్ల బండి వీధిలోకొచ్చినా కొట్లోని పాత డొక్కు కంప్యూటర్‌ని అప్పుడే ఇచ్చెయ్యకండి.