నాటకమునకు నీడ

తెరలును దీపములును టిక్కెట్లును లేక నాటకము లేదని పట్టణవాసులు పెక్కండ్రు తలంతురు. మన చరిత్రము దీని నంగీకరింపదు. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథను, వీథినాటకమును చేపట్టి, రంగశాల నెఱుఁగని పల్లెలకు నడచిపోయినది. డాక్టరు గరికపాటి రాజారావుగారు నటులను దీర్చిరి. షేక్ నాజరుగారు బుఱ్ఱకథకు నూతన ప్రాణము పోసిరి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల ‘మాభూమి’ తెలంగాణపు రైతుల పోరాటమును రంగమున కెక్కించినది. దానిని మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. వట్టి వినోదమునకు ఏ ప్రభుత్వమును వెఱవదు గదా!

అయినను ఆ మండలి కమ్యూనిస్టు పక్షము నీడన పెరిగినది. 1948 తరువాత పక్షముపై నిర్బంధము రాఁగా కళాకారులును చెదరిపోయిరి. టెహరానులో 1969లో నెలకొన్న నాటక ప్రయోగశాల ప్రభుత్వ దూరదర్శన సంస్థ యండతో నడచి, విప్లవకాలమున మూఁతపడినది. పక్షమైనను ప్రభుత్వమైనను, ఒక్క స్తంభముపై నిలిచిన యిల్లు ఆ స్తంభముతోడనే కూలును.

కావున నాటకమునకు పెక్కుమంది పోషకులు కావలెను. చోడవరపు సీమ తూర్పు భాగవతము నెఱిఁగినది. ఇచటి చెఱకు రైతులును వర్తకులును తలకొక కొంత యిచ్చినచో చిన్న బృందమొకటి బ్రతుకఁగలదు. బడి యావరణమో కళ్లమో రంగస్థలమగును. కాని చందా యిచ్చినవారు నటుని నోటి మాటను దిద్దఁ బూనరాదు. భూస్వామిని నిందించు నాటకమునకు భూస్వామియే తన కళ్లము నొసఁగిననాఁడు గాని మన రసికత నిజమని చెప్పుకొన వీలులేదు. అట్టి యౌదార్యమును చోడవరపు పెద్దలు చూపుదురుగాక!