గోధుమగింజ పడిన నేల మనమే!

యౌవనంలోనే ప్రభువునందు నిద్రించిన బిడ్డల కోసం మనం ఏటా జ్ఞాపకార్థ కూడికలు పెడతాం. పాటలు పాడతాం, ఫొటో చూసి కన్నీళ్లు పెడతాం, వచ్చినవారికి భోజనాలు వడ్డిస్తాం. అందులో తప్పులేదు. కాని గడచిన ఏడాదిలో మనలో ఏం మారిందని మాత్రం ఎవరమూ ప్రశ్నించుకోం!

1956 జనవరి 8న ఈక్వడార్ అడవుల్లో వౌరానీ తెగవారి ఈటెలకు ఐదుగురు మిషనరీలు బలయ్యారు. అందరూ 33 ఏళ్లలోపు వారే! వారిలో జిమ్ ఇలియట్‌కు 28 ఏళ్లు. ఏడాదైనా నిండని కూతురితో మిగిలిన ఆయన భార్య ఎలిజబెత్ స్వదేశానికి వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని ఆమె ఆ తెగ స్త్రీలనే తన ఇంట చేర్చుకుని వారి భాష నేర్చుకుంది. 1958లో ఆ చిన్నారిని వెంటబెట్టుకుని, హతసాక్షుల్లో ఒకరైన నేట్ సెయింట్ అక్క రేచల్‌తో కలిసి, తన భర్తను చంపినవారి మధ్యే కాపురముంది. ఆ హంతకుల్లో కొందరు తర్వాత విశ్వాసులయ్యారు.

గోధుమగింజ చస్తేనే విస్తారంగా ఫలిస్తుందన్నాడు ప్రభువు (యోహాను 12:24). అయితే గింజ పడిన నేల మనమే. నేల బండబారితే ఫలమెక్కడిది? మన బిడ్డ చెప్పిన సండేస్కూలు క్లాసు ఇప్పుడెవరు చెబుతున్నారు? ఆ ప్రమాదానికి కారణమైన డ్రైవరును మనం క్షమించామా? వచ్చే ఏడు కూడికకు కొత్త ఫొటో అక్కర్లేదు, మనం కొత్తవారమైతే చాలు. బిడ్డలకు మనం కట్టగలిగిన మంచి సమాధి అదే!