రోహిణి చుట్టూ గ్రహం ఉందా?.. 30 ఏళ్లైనా తేలని లెక్క!

డోంగ్లి: రోహిణి కార్తె అంటే రోళ్లు పగిలే ఎండలు. కామారెడ్డి జిల్లా డోంగ్లి లాంటి సరిహద్దు మండలాల్లో రైతులు దుక్కులు సిద్ధం చేసుకుని మిరుగు కోసం ఎదురుచూసే రోజులవి. అయితే ఆ కార్తెకు పేరిచ్చిన రోహిణి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందా, లేదా అన్నది మాత్రం శాస్త్రవేత్తలకు ఇప్పటికీ అంతుచిక్కడం లేదు.

ఒకేసారి అనుమానం.. ఫలితాలు వేరు

రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలోని ముసలి నక్షత్రం. నడిబొడ్డున హైడ్రోజన్ అయిపోయి, సూర్యుడి కంటే 40 రెట్లకు పైగా ఉబ్బింది. రోహిణి, పునర్వసు జంటలోని పోలక్స్.. రెండూ ఊగుతున్నట్లు 1993లోనే గుర్తించారు. పోలక్స్ గ్రహం 2006లో ఖాయమైంది. గురుగ్రహానికి కనీసం రెట్టింపు బరువున్న అది 590 రోజులకోసారి చుట్టి వస్తోంది. రోహిణికీ 629 రోజుల గ్రహం ఉందని 2015లో ప్రకటించారు. పాత కొలతలు కూడా కలిపి చూసిన మరో బృందం 2019లో అది అనుమానమేనంది.

తికమక ఎక్కడ?

గ్రహం లాగితే నక్షత్రం ఊగుతుంది. కానీ ముసలి నక్షత్రం ఉపరితలం తనంతట తానే పొంగి తగ్గినా కాంతిలో అలాంటి తేడానే కనిపిస్తుంది. గామా డ్రాకోనిస్ విషయంలో ఇదే జరిగింది. 2003 నుంచి 2011 వరకు 702 రోజుల లయ కనిపించి, ఆ తర్వాత మాయమైంది. గ్రహమైతే అలా మాయం కాదు కదా! అందుకే ఇక్కడ తొందరపడితే తప్పులో కాలేసినట్టే.

మన దేశంలోనూ 2021లో మౌంట్ అబూ నుంచి పీఆర్ఎల్ శాస్త్రవేత్తలు వయసు పైబడుతున్న టీఓఐ-1789 చుట్టూ 3.2 రోజులకే తిరిగే గ్రహాన్ని కనుగొన్నారు. జర్మనీ అబ్జర్వేటరీ కొలతలతోనూ సరిచూసుకున్నారు.

మనకెందుకీ లెక్క?

దాదాపు 500 కోట్ల ఏళ్లకు మన సూర్యుడూ ఇలాగే ఉబ్బుతాడు. వయసు పైబడిన సుమారు 5 లక్షల నక్షత్రాలను పరిశీలించి, 2025లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం.. ఉబ్బడం మొదలైన వాటిలో 0.35 శాతానికి దగ్గరగా తిరిగే భారీ గ్రహాలుంటే, రెడ్ జెయింట్లుగా మారినవాటిలో 0.11 శాతానికే ఉన్నాయి. నక్షత్రాలే గ్రహాలను మింగేస్తున్నాయని అంచనా. ఆ అంచనా నిలవాలంటే ఏది గ్రహమో, ఏది పొంగో ముందు తేలాలి. అందుకు ఏళ్ల తరబడి కొలవడం తప్ప దగ్గరి దారి లేదు.