జమ్మి ఆకు ఎవరింటికి?

దసరా వస్తున్నది. షోలాపూర్‌లో మన తెలుగువాళ్ల పేటల్లో బతుకమ్మ పాటలు మొదలయ్యాయి. ఖండేనవమి నాడు సాంచాలు తుడిచి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొడతాం. మరునాడు కార్ఖానాకు తాళం పడుతుంది. సాంచాల మోత ఆగి మనిషి మాట వినబడే రోజులు ఏడాదిలో ఇలాంటివి కొన్నే.

కార్మిక సోదర సోదరీమణులారా! మన పని ఎట్లాంటిదో మనకు తెలుసు. పక్క సాంచా నడిపే మనిషితో పాళీ అంతా కలిసి నిలబడతాం. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, చాయకు పోదామంటే ఒక సైగ. నోటి మాట పనికిరాదు. ఫ్యాక్టరీ నియమాల ప్రకారం ఎనిమిది గంటల పనికి మోత 90 డెసిబెళ్లు మించకూడదు. పాత సాంచాల షెడ్లు చాలావరకు దాన్ని దాటుతాయి. ఇక ఒకే సాంచా మీద పగటి పాళీ ఒకరు, రాత్రి పాళీ ఒకరు చేస్తే, పాళీ మారేటప్పుడు రెండు నిమిషాలు ఎదురుపడతారు, అంతే. ఏళ్ల తరబడి ఇట్లా గడిచాక, అతని ఇల్లు ఏ గల్లీలో ఉందో, ఇంట్లో జబ్బుపడ్డది ఎవరో చెప్పలేనివాళ్లు మనలో ఎందరో!

మరి సెలవు దొరికాక చేస్తున్నదేమిటి? మండపం ముందు సౌండు బాక్సులు. షెడ్డులో వినబడని మాట అక్కడా వినబడదు. పైన ఫ్లెక్సీ మీద పదిమంది నాయకుల ముఖాలు. (ఆ ఫ్లెక్సీ అయినా మనం నేసిన బట్ట కాదు, ప్లాస్టిక్కు.) ఫోనులో జమ్మి ఆకు బొమ్మ ఒక్కసారే రెండు వందల మందికి పోతుంది, ఎవరూ ఎవరి గడపా తొక్కరు.

మనకు మంచి ఆచారం ఉంది. తెలంగాణ పల్లెల నుంచి మన పెద్దలు తెచ్చుకున్నది జమ్మి ఆకు, ఇక్కడి మరాఠీ సోదరులది ఆపటా ఆకు. రెండింటినీ బంగారమనే అంటారు. చేతిలో పెట్టి, పెద్దల కాళ్లు మొక్కి, అలాయ్‌బలాయ్ తీసుకుంటాం. అయితే వాడుక ప్రకారం చిన్నవాడే పెద్దవాడి ఇంటికి పోవాలి. అందుచేత జాబర్ ఇంట్లో ఆకు కుప్ప పడుతుంది, బదిలీ కార్మికుడి గదికి ఒక్కరూ పోరు. మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్న ముసలి కార్మికుడి దగ్గరికీ పోరు. భర్త పోయాక కండెలు చుట్టి పిల్లలను సాకే ఆడమనిషి దగ్గరికీ పోరు. రైలు ఖర్చులు లేక గదిలోనే ఉండిపోయిన ఉత్తరప్రదేశ్ కుర్రవాడికైతే ఆ రోజు ఖానావళి కూడా మూసే ఉంటుంది.

ఈ ఏడు ఆ వరుస తిరగేద్దాం. పర్మనెంట్ కార్మికుడు బదిలీ అతని గదికి పోవాలి, జాబర్ కండెలు చుట్టే ఆమె గడపకు పోవాలి. ఫొటోలు, ఉపన్యాసాలు వద్దు. అరగంట కూర్చోండి. ముప్పై ఏళ్లు సాంచాలు నడిపిన తాతకు చెవులు సరిగా వినబడవు. ఎదురుగా కూర్చొని, పెదవులు కనబడేలా నిదానంగా మాట్లాడండి. ఆయన జవాబివ్వకపోతే అది పొగరనుకోకండి.

"ముందు బోనస్ సంగతి చూడండి, పలకరింపులు తరువాత" అని కొందరంటారు. బోనస్ సంగతీ ఈ గడపల దగ్గరే తేలుతుంది. చట్టం వర్తించే కార్ఖానాలో ఏడాదికి 30 పనిదినాలు చేసినవారికి, జీత పరిమితికి లోబడి, కనీసం 8.33 శాతం బోనస్ రావాలి. బదిలీవాళ్లలో చాలామందికి ఈ 30 రోజుల సంగతి తెలియదు. గేటు మీటింగులో లేచి అడగాలంటే బెరుకు. తన గదిలో, తన చాప మీద కూర్చున్నప్పుడు అడుగుతాడు.

ముంబయి మిల్లుల సమ్మెను గుర్తుచేసుకోండి. 1981 దీపావళి బోనస్ దగ్గర రాజుకున్న అసంతృప్తి, 1982 జనవరి 18 నుంచి డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెగా మారింది. ఆ ఏడు దసరా, దీపావళి జీతం లేకుండానే వచ్చాయి. చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. చాళ్లలో మిగిలినవాళ్ల పొయ్యి వెలిగిందో లేదో యూనియన్ ఆఫీసులో కూర్చుంటే తెలిసేది కాదు, పక్క గదివాడికే తెలుస్తుంది. ఆ పక్క గదివాడి పేరు సమ్మె మొదలయ్యాక కనుక్కుంటామంటే కుదరదు.

కాబట్టి దసరా సాయంత్రం నాలుగు గంటలకు ఏ కార్ఖానా సభ్యులు ఆ గేటు దగ్గర కలుసుకోండి. ఎవరింటికి ఎవరు పోవాలో అక్కడే పంచుకోండి, మనిషికి రెండిళ్లు చాలు. బదిలీవాళ్ల గదులు ఎక్కడున్నాయో ఈ వారమే పాళీ మారేటప్పుడు అడిగి రాసుకోండి. జమ్మి కొమ్మలు విరిచి మోపులు తేవద్దు, ఇంటికి గుప్పెడు ఆకు సరిపోతుంది.