పదకొండో అంతస్తులో కుంపటి

డిసెంబరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు మొదలవుతాయి. స్వెట్టర్ల సేల్ ఒకటి, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు వేసుకునే చలిమంట మీద గొడవ ఇంకొకటి. ఈసారి ఆ గొడవలో నేనూ దూరాను. ఎందుకు దూరానో చెప్పాలంటే కిందటేడు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఏడాదిగా దీన్ని రాద్దామా వద్దా అనుకుంటూనే ఉన్నాను. అత్తమ్మను అడిగితే "రాయి బిడ్డా, ఇంకో ఇంట్ల గాకుంటనన్న ఉంటది" అన్నది. అందుకని రాస్తున్నాను.

కిందటి డిసెంబరులో మా అమ్మాయి పురిటికి ఇంటికొచ్చింది. మేముండేది కొండాపూర్‌లో, పదకొండో అంతస్తు. హైదరాబాదులో చలేముంటుంది అనేవాళ్ళు మా వైపు ఒక జనవరి రాత్రి ఉండి చూడాలి. సిటీ మొత్తం మీద తక్కువ టెంపరేచర్ అని టీవీలో ఎప్పుడూ చదివేది మా పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ, బీహెచ్ఈఎల్ పేర్లే. పది డిగ్రీల లోపుకి పోయే రాత్రులు ఏటా ఉంటాయి. పైగా మా బిల్డింగుకి ఉత్తరం వైపు ఇంకా ఖాళీ స్థలమే. గాలి నేరుగా వచ్చి మా బెడ్రూమ్ అద్దాలకే తగులుతుంది.

మనవడు పుట్టాడని తెలియగానే నిర్మల్ నుంచి అత్తమ్మ దిగింది. కారు డిక్కీలో నువ్వుల నూనె, వాము, సాంబ్రాణి, ఒక ఇనుప కుంపటి, అర బస్తా తుమ్మ బొగ్గులు. "అగ్గి లేని బాలింతిల్లు ఉంటదా?" అన్నది. నాకూ తప్పనిపించలేదు. నా ఇద్దరు పిల్లలప్పుడూ నిర్మల్లో ఆ కుంపటి పక్కనే పడుకున్నాను. మంచం కింద నిప్పుల వెచ్చదనం, తలకి గుడ్డ, పొద్దున రాగి బాయిలర్ నీళ్ళు. ఆ సుఖం నా కూతురికి మాత్రం ఎందుకు ఉండకూడదు?

వారం రోజులు అత్తమ్మ కుంపటిని బాల్కనీలో రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడాక లోపలికి తెచ్చేది. గంట ఉంచి తీసేసేది. ఆ రాత్రి చలి ఎక్కువగా ఉంది. బాబు తుమ్మాడు. దాంతో ఇంకో నాలుగు బొగ్గులు వేసి, తలుపు వేసి, కిటికీ స్లైడింగ్ అద్దాలు గట్టిగా నెట్టి, కింద సందులో టవల్ కూడా దోపాం. ఆ టవల్ దోపింది నేనే.

బాబు పాలకోసం మూడు గంటలకోసారి అలారం పెట్టుకునేదాన్ని. రెండింటికి మోగింది. లేవబోతే తల మీద ఎవరో రోలు పెట్టినట్టుంది. కాళ్ళు తడబడ్డాయి. నిద్ర చాలక అనుకున్నాను. అమ్మాయిని లేపితే "అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి" అని లేచి అక్కడే కక్కుకుంది. బాబు ఏడవలేదు. రెండింటికల్లా ఆకలికి ఇల్లు పీకి పందిరేసే పిల్లాడు ఆ రోజు ఏడవలేదు. అది చూసి భయమేసింది నాకు. బాల్కనీ తలుపు తీసి, బాబుని దుప్పట్లో చుట్టుకుని బయటికి పరిగెత్తాను.

మా ఆయన కరోనా నాటి ఆక్సీమీటర్ వెతికి తెచ్చి అమ్మాయి వేలికి పెట్టారు. 98 చూపించింది. "ఆక్సిజన్ బానే ఉంది, గ్యాస్ పట్టేసిందేమో, పడుకోండి" అన్నారు. నేను పడుకోనంటే పడుకోనన్నాను. ఏ తెలివితోనో కాదు, బాబు మొహం నచ్చలేదు, అంతే.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న "గదిలో బొగ్గులు కానీ పెట్టారా?" అని. రక్తం తీసి పరీక్ష చేశారు. కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట అది వచ్చి కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ రెండింటికీ తేడా తెలుసుకోలేదు, అందుకే 98 చూపిస్తుంది. ఆ నంబర్ నమ్మి పడుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. మామూలు గాలిలో అయితే ఒంట్లోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుందట, మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరలో తగ్గుతుందట. అమ్మాయినీ బాబునీ ఆ రోజంతా అక్కడే ఉంచుకున్నారు. ఇద్దరూ బాగయ్యారు. బాబు ఇప్పుడు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడుతున్నాడు.

అత్తమ్మ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. "నా చేతులతోనే పసిగుడ్డును సంపుకుంటుంటి గదనే" అని ఒకటే ఏడుపు. చుట్టాల్లో కొందరు "పాతకాలం మనిషి, ఆమెకేం తెలుసు" అన్నారు. ఇంకొందరు "మన పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి ఎప్పుడూ తప్పు కాదు, మీరే ఏదో తేడా చేశారు" అన్నారు. రెండు మాటలూ నాకు ఒంటికి పట్టలేదు.

నిర్మల్ ఇల్లు పెంకుటిల్లు. పెంకుల మధ్య సందులు, గోడకీ కప్పుకీ మధ్య జానెడు ఖాళీ, చెక్క తలుపుల్లోంచి వెలుతురు. మేం పడుకున్న గదిలోకి గాలి రావద్దన్నా వచ్చేది. కుంపటి ఎంత విషం కక్కినా పైకప్పులోంచి పోయేది. ఎవరూ చిమ్నీ కట్టలేదు, ఇల్లే చిమ్నీ. మా ఫ్లాట్ కట్టినవాళ్ళు ఏసీ చల్లదనం బయటికి పోకుండా రబ్బరు పట్టీలు వేసి అద్దాలు బిగించారు. కుంపటి అదే, బొగ్గులు అవే, అత్తమ్మ చెయ్యీ అదే. మారింది ఇల్లు. ఆ సంగతి ఆవిడకి తెలియకపోవడంలో వింత లేదు. డిగ్రీ చదివి పాతికేళ్ళు ఇక్కడే ఉన్న నాకు తెలియలేదు కదా.

ఇంకో మోసం ఉంది. పొగ వచ్చినంతసేపూ మనం జాగ్రత్తగా ఉంటాం, కళ్ళు మండితే తలుపు తీస్తాం. పొగ పోయి బొగ్గు ఎర్రబడ్డాక "ఇంక ఫర్వాలేదు" అనుకుని లోపలికి తెస్తాం. నిజానికి ఆ ఎర్రటి బొగ్గే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదిలేది. ఢిల్లీ వైపు అంగీఠీ పెట్టుకుని పడుకుని పొద్దునకి లేవనివాళ్ళ వార్త ప్రతి చలికాలం పేపర్లో వస్తుంది. ఎన్నిసార్లు చదివానో. అంగీఠీ అంటే మన కుంపటే అని ఒక్కసారీ తట్టలేదు.

ఇదంతా అయ్యాక, ఈ ఏడు మా మరిది తెల్లాపూర్‌లో విల్లా కొన్నాడు. హాల్లో కట్టెల పొయ్యి పెట్టిస్తాడట, అమెరికా ఇళ్ళలో లాగా, మంట కనిపిస్తూ. తోటికోడలు ఫోటోలు పంపి "ఎలా ఉంది అక్కా?" అని అడిగింది. చూడ్డానికి చాలా బాగుంది, కాదనను. మా తమ్ముడు మిన్నెసోటాలో ఉంటాడు, వాళ్ళింట్లో నిజం కట్టెల స్టవ్ ఉంది. వాడికి ఫోన్ చేసి గంట కూర్చున్నాను.

వాడు చెప్పింది వింటే అదొక సంసారం. మూతలేని ఫైర్‌ప్లేస్ అందంగా ఉంటుంది కానీ వేడి చాలావరకు చిమ్నీలోంచే పోతుందట, పైగా గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుందట. అందుకే వాడు తలుపున్న దుక్క ఇనుము స్టవ్ పెట్టించాడు. గది ఎంతుంటే అంతదే కొనాలి. పెద్దది కొని గాలి తగ్గించి మందంగా మండిస్తే చిమ్నీ లోపల తారులాంటి మసి పేరుకుంటుంది, ఒకరోజు అదే అంటుకుంటుంది. ఏటా మనిషిని పిలిచి చిమ్నీ తుడిపించాలి. కట్టె చీల్చి ఏడాది ఎండబెట్టాలి, తడి నూటికి ఇరవై లోపుండాలి, దానికో మీటరు. పడగ్గది బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఇంత చేసినా అక్కడ నెలల తరబడి మైనస్ డిగ్రీలు కాబట్టి గిట్టుబాటు. మనకి గట్టి చలి ఎన్ని రాత్రులు? ముప్పై, నలభై. ఆ ముప్పై రాత్రుల కోసం కప్పుకి కన్నం పెట్టించి, ఎండు కట్టె ఎక్కడ దొరుకుతుందని శంకర్‌పల్లి దాకా తిరగడం నాకు అర్థం లేని పని. అదే తోటికోడలికి చెప్పాను. వారం రోజులు ఫోన్ లేదు. తర్వాత మరిదే చేసి ఆ గోడకి పుస్తకాల అర పెట్టిస్తున్నామన్నాడు.

మీలో ఎవరింట్లోనైనా ఈ చలికాలం బాలింతో, పెద్దవాళ్ళో ఉంటే, మేం చివరికి కొన్నది చెప్తాను. ఆయిల్ నింపిన రేడియేటర్ హీటర్. ఎర్రగా మండే రాడ్ల హీటర్ చవక, తొందరగా వేడెక్కుతుంది, కానీ దుప్పటి అంచు తగిలితే చాలు. ఈ ఆయిల్‌ది మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, చప్పుడు లేదు, వెలుతురు లేదు. పదహారు ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో వద్దే వద్దు. మీద బాబు గుడ్డలు ఆరేయకూడదు (ఆరేయాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు). వెయ్యి వాట్లలో పెడితే గంటకి ఒక యూనిట్. మా స్లాబులో యూనిట్ తొమ్మిది పది రూపాయలు, రాత్రంతా అయితే డెబ్భై ఎనభై. కొత్తగా ఏసీ కొనేవాళ్ళుంటే హాట్ అండ్ కోల్డ్ రకం చూడండి, ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. పసివాడికైతే అన్నిటికంటే మంచి హీటర్ తల్లి రొమ్మేనని డాక్టరమ్మ చెప్పింది, ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకోమని. అది విన్నాకే అత్తమ్మ మొదటిసారి నవ్వింది. "గిది మాకు ఎర్కలేదా" అన్నది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం మేమూ తెప్పించాం. మగ్గం వర్క్ జాకెట్టు కుట్టుకూలి కంటే తక్కువే అయింది. గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్ళకి ఇది మరీ అవసరం, బాత్రూముల్లో ప్రాణాలు పోయేది కూడా ఈ గాలితోనే.

ఇక గేటు సంగతి. మా సెక్యూరిటీ అబ్బాయిలు ఒడిశావాళ్ళు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. ఇళ్ళు మారేవాళ్ళు పారేసిన అట్టపెట్టెలు, చెక్కపేళ్ళు, ఒక్కోసారి థర్మోకోల్ కూడా వేసి మంట పెట్టుకుంటారు. ఆ పొగ రెండో అంతస్తుకి వస్తుందని ఫిర్యాదు. చెత్త తగలబెట్టడం తప్పే. 2016లోనే గ్రీన్ ట్రిబ్యునల్ దీనికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది, ఆ ఉత్తర్వు ఫోటో ఎవరో గ్రూపులో పెట్టారు కూడా. "రేపటినుంచి మంట కనిపిస్తే ఏజెన్సీకి జీతం కట్" అని తీర్మానం. అందరూ బొటనవేలు పెట్టారు.

మంట ఆపేస్తే చలి ఆగుతుందా? ఆ పిల్లవాడు ఏం చేస్తాడో నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఎవరికీ కనపడకుండా ఒక డబ్బా రేకులో నాలుగు నిప్పులు వేసుకుని, గేటు పక్కన ఉన్న ఆ అద్దాల క్యాబిన్లోకి తీసుకెళ్ళి, తలుపేసుకుంటాడు. సందులో తువ్వాలు కూడా దోపుతాడు, నేను దోపినట్టే.

అదే గ్రూపులో రాశాను. క్యాబిన్లో ఒక హీటర్, మనిషికో మందపాటి జాకెట్టు, ఫ్లాస్కులో టీ. రెండు వందల నలభై ఫ్లాట్లు, లెక్కేస్తే ఇంటికి వంద రూపాయలు కూడా పడదు. జాకెట్లకి ఒప్పుకున్నారు. హీటర్ మాత్రం "కరెంటు ఎవరు చూస్తారు, రాత్రి నిద్రపోతారు" అని వచ్చే మీటింగుకి వాయిదా వేశారు. ఆదివారం పదకొండింటికి, క్లబ్‌హౌస్‌లో. ఈసారి అత్తమ్మను కూడా తీసుకెళ్తున్నాను.